పోటీకి ఫోటోలు పంపే ముందు

బుజ్జమ్మా,

నువ్వు మన బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో తీసిన ఫోటోలు ప్రభుత్వం వాళ్ళు పెట్టిన పోటీకి పంపుతున్నావని మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టింది నువ్వొక్కదానివే. వారమంతా ఆఫీసు పని చేసి, సెలవు రోజు కూడా తెల్లవారకముందే లేచి ఆ గుంపులో నిలబడాలంటే ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. పూలమ్మే ఆమె మోచేతికి దారం ఆనించి మూర కొలుస్తున్న ఫోటో మీ పెద్దమ్మకు కూడా చూపించాను. చెయ్యి మీద ఒక్క గీత వెలుతురు, వెనక చామంతుల కుప్ప మసకగా. బాగా పట్టావు తల్లీ.

ఆ తర్వాత మీ నాయన పోటీ నిబంధనలు కూడా పంపించాడు. అవి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దనాయనా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆఖరి రోజు దాకా ఆగొద్దు, సైట్ మొరాయిస్తుంది. ఎంత సైజు అడిగారో అంతే పంపు, పెద్ద ఫైల్ చేతికివ్వకు. రా ఫైళ్ళు, అదే కెమెరాలో పడ్డవి పడ్డట్టు ఉండే అసలు ఫైళ్ళు, రెండు చోట్ల దాచిపెట్టు, ఫోటో నీదేనని రుజువు చేసేది అవే. ఫైల్ వివరాల్లో నీ పేరు నింపు. రంగులు మరీ లాగొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. "వచ్చిన ఎంట్రీలన్నీ నిర్వాహకుల సొత్తు" అని రాశారు, చూశావా? బహుమతి వచ్చినవి మాత్రమే కాదు, వచ్చినవన్నీ. వాటిని శాశ్వతంగా, ప్రపంచంలో ఎక్కడైనా, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చట, ఎవరికైనా ఇచ్చుకోవచ్చట. ఇచ్చేవి మూడు బహుమతులు. ఆ మూడింటి ఖర్చుతో ఊరందరి ఫోటోలూ వాళ్ళ బీరువాలోకి పోతాయి. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: ఫోటో వల్ల ఎవరికైనా అభ్యంతరం వస్తే, కేసు పడితే, పూర్తి బాధ్యత పోటీదారుదే. అంటే హక్కులన్నీ వాళ్ళవి, తంటా మాత్రం నీది. అంతదూరం చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్ పెట్టబోయావని నాకు తెలుసు. ఇంజనీరువి, ఆఫీసులో కాంట్రాక్టు ఒక్క ముక్క వదలకుండా చదువుతావు. ఇది మాత్రం చదవవా?

"ప్రభుత్వం వాళ్ళే కదా పెద్దనాయనా, మోసం చేస్తారా" అంటావు. మోసం అని నేనూ అనను. కానీ జనం డబ్బుతో నడిచే ఆఫీసు, జనం తీసిన ఫోటోలను ఇలా ఊడ్చుకోవడం నాకు కంపెనీలు చేసేదానికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. కంపెనీ దగ్గర మనం జాగ్రత్తగా ఉంటాం. వీళ్ళ దగ్గర నమ్మకంతో సంతకం పెడతాం.

నీకెప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. మల్లేశ్వరంలో నాకు స్టూడియో ఉన్న రోజుల్లో, నాతో పాటు పనిచేసిన స్నేహితుడొకడు ఉండేవాడు. పెళ్ళిళ్ళు నేను చూసుకునేవాణ్ణి, డార్క్‌రూమ్ వాడిది. వాడు ప్రింట్ వేస్తే నల్లటి నీడలో కూడా చీర నేత కనిపించేది. వీలు దొరికితే మార్కెట్టుకు పోయేవాడు. అక్కడ హోసూరు వైపు నుంచి వచ్చి కనకాంబరాలు అమ్మే తెలుగామె ఒకామె ఉండేది. వాడికి రోజూ కనిపించే మనిషే, అక్కా అని పిలిచేవాడు. ఒక చలికాలం పొద్దున ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తుండగా ఫోటో తీశాడు. మంచు, పొగ, ఆ రెండు కళ్ళు. "పోటీకి పంపుతా అక్కా" అని అడిగాడు. ఆమె నవ్వి సరే అంది.

ఒక ప్రభుత్వ శాఖ పెట్టిన పోటీ అది. ప్రింట్‌తో పాటు నెగటివ్ కూడా జత చేయాలన్నారు. ఫారం వెనక సన్నటి అక్షరాల్లో, పంపినవన్నీ తమ సొత్తని, తిరిగి ఇవ్వబోమని ఉంది. వాడు సంతకం పెట్టి నెగటివ్ కవర్లో పెట్టేశాడు. నెగటివ్ పోతే ఇక మళ్ళీ ప్రింట్ వేయలేమని మా అందరికంటే బాగా తెలిసినవాడు! గెలుస్తానన్న ఆశ అలాంటిది. కన్సొలేషన్ బహుమతి కూడా రాలేదు. మరిచిపోయాం.

కొన్నాళ్ళకు బస్టాండు గోడ మీద ఆమె కళ్ళు కనిపించాయి. క్షయ వ్యాధి గురించి పోస్టర్. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి కదా, వాళ్ళకు సరిగ్గా సరిపోయింది. కింద వాడి పేరు లేదు, అది వదిలెయ్. మార్కెట్టులో మాత్రం అందరూ ఆమెను గుర్తుపట్టారు. ఆమె దగ్గర పూలు తీసుకునేవాళ్ళు పక్క బుట్ట దగ్గరికి జరిగారు. రోజూ గుడికి మాలలు కట్టించుకునే ఆయన కూడా మానేశాడు. వాడు పోయి ముందు నిలబడితే ఆమె తిట్టలేదట. "పోటీకని చెప్తివి కదా నాయనా, నాకి రోగముందని ఎవురు చెప్పిరి?" అని అడిగిందట.

వాడికి తోడుగా ఆ ఆఫీసుకు నేనూ పోయాను. అక్కడి మనుషులు చెడ్డవాళ్ళు కాదు, కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఫైల్ తెప్పించి వాడి సంతకం చూపించారు. పోస్టర్ తయారు చేసినాయనకు ఆ ఫోటో ఎవరిదో, ఎందుకు తీశారో తెలియదు. కట్టలోంచి తీసి వాడుకున్నాడు. ఎవరికీ దురుద్దేశం లేదు, అయినా ఆమె బేరం పోయింది. ఆ పోస్టర్లు వాటంతట అవి చిరిగిపోయేదాకా గోడల మీదే ఉన్నాయి. ఆమె ఆ మార్కెట్టే మానుకుంది. వాడు ఆ తర్వాత మనుషుల ముఖాలు తీయలేదు. అంత మంచి చెయ్యి చెట్లూ గోడలూ తీస్తూ ఉండిపోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నువ్వు పంపేవాటిలో మూడింట్లో ముఖాలున్నాయి. వాళ్ళను అడిగావా? అడిగితే ఏమని అడిగావు? కాగితం పోస్టర్ వానకు పోతుంది. నెట్‌లో పడింది ఎవరు చెరుపుతారు?

చట్టం మనకు అనుకూలంగానే ఉంది, అది తెలుసుకో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగానో, ఎవరో డబ్బిచ్చి తీయమంటేనో తప్ప ఫోటో హక్కు తీసినవాళ్ళదే. బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. హక్కు వేరేవాళ్ళకు రాసివ్వాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళే, ఎక్కడ అని రాయకపోతే భారతదేశం వరకే. అందుకే ఇప్పటి నిబంధనల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని తప్పనిసరిగా పెడుతున్నారు. అవి ఊరికే వేసిన పెద్ద మాటలు కావు. నువ్వు పెట్టే టిక్కును సంతకం కిందే లెక్క అని వాదించడానికీ సిద్ధంగా ఉంటారు.

హక్కు రాసిచ్చినా ఒకటి మిగులుతుంది. 57వ సెక్షన్ ప్రకారం అది నీ పని అని చెప్పుకునే హక్కు, నీ పేరు చెడేలా దాన్ని పాడు చేస్తే అడ్డుకునే హక్కు నీ దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని 1979లో ఊడబెరికారు. కేంద్ర ప్రభుత్వం మీదే ఆయన కోర్టుకు పోయాడు. ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వమని, 5 లక్షల పరిహారం కట్టమని చెప్పింది. ఎప్పుడు? 2005లో. ఆయన గెలిచాడు, నిజమే. కానీ నువ్వు అన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం నాకిష్టం లేదు. టిక్ పెట్టకముందే అడిగితే పోయేది ఒక మెయిల్ ఖర్చు.

మర్యాదగా రాయి. గెలిచిన ఫోటోలను మాత్రమే, ఈ పోటీ ప్రచారానికే, రెండేళ్ళ పాటు, నా పేరు వేసి వాడుకోవడానికి అనుమతి ఇస్తాను, హక్కు నాదే, వేరేవాళ్ళకు ఇవ్వాలంటే నన్ను అడగాలి, గెలవనివి చెరిపేయాలి అని. ఇది గొంతెమ్మ కోరిక కాదు. మేము సలాన్లకు, అంటే ఫోటో ప్రదర్శన పోటీలకు, ప్రింట్లు పంపేటప్పుడు కేటలాగులో వేసుకుని ప్రింట్ తిరిగి పంపేవాళ్ళు, అంతే. మన బెంగళూరులోనే 1971 నుంచి యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఉంది, అక్కడి సీనియర్లతో పరిచయం చేసుకో. ఇంకో ముక్క: హక్కు వీళ్ళకు పూర్తిగా పోతే ఆ ఫోటో రేపు ఇంకో పోటీకి పంపలేవు. "హక్కు నాదే" అని అక్కడ కూడా రాసివ్వాలి కదా.

ప్రభుత్వ ఆఫీసు కాబట్టి నీ చేతిలో ఇంకో దారి ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, గత పోటీల ఫోటోలు ఎవరెవరికి ఇచ్చారో, ఎక్కడ వాడారో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

మెయిల్‌కు జవాబు రాకపోతే, నిబంధన మారకపోతే, మార్కెట్టు ఫోటోలు ఒక్కటి కూడా పంపకు. పోటీలో ఉండాలనే ఉంటే లాల్‌బాగ్ గాజు మేడ ఫోటో పంపు. మంచి ఫోటోనే, పోయినా దాని వల్ల ఎవరి బేరమూ చెడదు.

నేను మరీ భయపెడుతున్నానని మీ పెద్దమ్మ అంటోంది. భయపడమని కాదు తల్లీ, నువ్వు ముఖాలు తీయడం మానుకోకూడదనే ఇంత రాశాను. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా, మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. ముఖాలున్న ఆ మూడూ పెద్ద సైజులో ప్రింట్ వేయించుకుని తీసుకురా. మరుసటి పొద్దున మార్కెట్టుకు పోయి ఎవరివి వాళ్ళకు ఇచ్చి, ఎక్కడికి పంపుతున్నావో, ఎవరు చూస్తారో వాళ్ళకు అర్థమయ్యేలా చెబుదాం. నేనూ వస్తాను.

మీ పెద్దనాయన