నాడీకణాలకు తుప్పు పడుతుందా?

సందేహం: మెదడులో రక్తస్రావం గురించిన ఒక ఆరోగ్య వ్యాసంలో "కారిన రక్తంలోని ఇనుము వల్ల నాడీకణాలు తుప్పు పట్టి చనిపోతాయి" అని రాశారు. కిందనే "అయోజనిత కణవినాశం" అని కూడా ఉంది. తుప్పు పట్టేది ఇనుముకి కదా, కణానికి ఎలా పడుతుంది? ఈ రెంటిలో ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ముందు ఆ "అయోజనిత" సంగతి. అయస్సు అంటే ఇనుమని తెలిసినవారికి ఆ మాట అక్కర్లేదు, తెలియనివారికి అర్థం కాదు. అచ్చులో "అయ్యోజనిత" అని పడినా ఎవరూ పట్టుకోరు. ఇంట్లో మాట ఉండగా సమాసాల కోసం ఊరంతా తిరగడం మనవాళ్లకి అలవాటైపోయింది.

తుప్పు అలాంటి ఇంటి మాటే. పాత రూపం త్రుప్పు. తమిళంలో తురు, మలయాళంలో తురుంబు, కన్నడంలో తుక్కు. తమిళులు విడిగా పలికే రేఫ మన పాతమాటలో తకారం కింద రావత్తుగా ఒదిగింది. నోళ్లలో నలిగి చివరికి అదీ పోయింది, మ్రాను మానైనట్టు, క్రొత్త కొత్తైనట్టు. కన్నడ తుక్కును మన తుక్కు సామానుతో తొందరపడి ముడిపెట్టకండి. చెవుల తుప్పు వదలడం జాతీయం, దాని జోలికి పోను.

ఇక కణం మాట. రక్తనాళం చిట్లి మెదడులో రక్తం గడ్డకట్టాక, కొన్నాళ్లకు ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటపడుతుంది. అందులో ఇనుము ఉండే భాగమైన హీమ్‌ను హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ విడగొడితే ఇనుము విడుదలవుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి, దేన్నైనా కొరికే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని పుట్టిస్తుంది. అవి కణపు పొరలోని కొవ్వు మీద పడతాయి. కాపాడాల్సిన గ్లూటాథయోన్ అనే పదార్థం తరిగిపోతే కణం చస్తుంది. దీనికి 2012లో ఫెరాప్టోసిస్ అని పేరుపెట్టారు. కణం చావుకి ఇదొక్కటే దారి కాదు. గడ్డ ఒత్తిడి, వాపు, కణం తనను తానే చంపుకునే అపాప్టోసిస్ కూడా ఉన్నాయి. 1972లో వచ్చిన ఆ అపాప్టోసిస్ అనే మాటకు గ్రీకులో ఆకులు రాలడమని అర్థం. వాళ్లు చెట్టును చూసి పేరుపెట్టుకున్నారు, మనం నిఘంటువును చూసి.

చూశారా, ఇక్కడ ఇనుము నిప్పు పెడుతుందే గాని, చెడేది కొవ్వు. సంక్రాంతి జంతికల డబ్బా శివరాత్రికి తెరవండి. మూత తియ్యగానే గుప్పుమని కొట్టే ఆ వాసన, గాలికి నూనె చెడినందువల్ల వచ్చేది. రసాయనికంగా కణపు పొరలో జరిగేదీ ఆ జాతిదే. మా ఇంట్లో దాన్ని ముక్కిపోవడం అంటారు. బియ్యానికి, పప్పుకే ఆ మాట ఎక్కువ వాడతారు, నిజమే. నూనెకు వాడితే తప్పేమీ లేదు. మొహం మీది ముక్కు, ముక్కుతూ మూలగడం వేరు.

కాబట్టి తుప్పు తప్పనను, పోలికగా చెల్లుతుంది. నన్నడిగితే "ఇనుము తగిలి కణపు పొర ముక్కిపోయి" అని రాస్తాను. డాక్టరు దగ్గర మాత్రం ఫెరాప్టోసిస్ అనే అనండి. ఎడిటరుగారు "ముక్కిన మెదడు" అని హెడ్డింగు పెడితే నా పూచీ లేదు.