నూరేళ్ల బడి చరిత్ర రాయబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నారాయణగూడ మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల చరిత్ర రాస్తావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. వెంటనే దిగులూ పట్టుకుంది, అందరిలాగే నువ్వూ శుభాకాంక్షలతో, ప్రారంభోత్సవాల ఫొటోలతో పుస్తకం నింపేస్తావేమోనని.

1928లో తెలుగు మాధ్యమంలో పెట్టారని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. నిజాం రాజ్యంలో పై చదువు ఎక్కువగా ఉర్దూలో. తెలుగు బడికి ఉస్మానియా గుర్తింపు రాలేదు. అందుకే ధోండో కేశవ్ కర్వే గారు 1916లో పుణేలో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమయ్యారు. అక్కడ మాతృభాషలో బోధనే మూలసూత్రం. ఈ బడి సిద్ధాంతాన్ని ఉపన్యాసాల్లో వెతక్కు, టైంటేబుళ్లలో చూడు. దొరికినవి పదేళ్లకొకటి చొప్పున పక్కపక్కన పరిచి లెక్కలకెన్ని పీరియడ్లు, కుట్టుపనికెన్ని అని లెక్కపెట్టు.

ఇక ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. మా తరంవాళ్లం బోల్తాపడ్డది ఇక్కడే. నిజాం ప్రభుత్వ కాగితాల మీద తేదీలు ఫసలీలో ఉంటాయి. ఇంగ్లీషు ఏడాది కోసం కళ్లు మూసుకుని 590 కలిపేస్తే చాలా తేదీలు ఏడాది వెనక్కి పోతాయి. హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరులో, ఆజుర్ నెలతో మొదలవుతుంది. 1338 ఆజుర్ అంటే 1928 అక్టోబరు. అదే 1338లో జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి, అవి 1929లోవి. నెల పేరు చూడకుండా ఏడాది వేశావో, గుర్తింపు వచ్చాక అర్జీ పెట్టినట్టు అచ్చవుతుంది! వేసిన ప్రతి తేదీ పక్కన అసలు ఫసలీ తేదీ కూడా రాసుకో.

అడ్మిషన్ రిజిస్టరు దొరికితే మొదటి గడి కాదు, చివరి గడి చదువు: ఎప్పుడు మానేసింది, ఎందుకు. మానేసి మళ్లీ చేరిన పిల్లకు కొత్త నంబరు పడి ఉండొచ్చు, ఇద్దరుగా లెక్కపెట్టకు. పెళ్లయి మానేసినవాళ్లు తగ్గినట్టు కనిపిస్తే, బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టానికి ముడిపెట్టెయ్యకు. 1930లో అమలైన ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే, నిజాం రాజ్యానికి కాదు.

పాత విద్యార్థినుల్ని పుట్టింటి ఇంటిపేరు అడుగు, రిజిస్టరులో ఉండేది అదే. పెద్దవాళ్లు, గంట దాటి కూర్చోబెట్టకు.

పుటల ఫొటోలు తీసేటప్పుడు పుట సంఖ్య కూడా పడనీ. ముక్కుకి గుడ్డ కట్టుకో తల్లీ, దుమ్ము పడదు నీకు.

మీ పెద్దమ్మ