గొడవ రాగానే మనసు మొద్దుబారడం: చిన్నతనం వల్లేనా, మారుతుందా?

మీ ఆవిడ గట్టిగా మాట్లాడితే నోట మాట రాదనీ, ఎవరైనా దగ్గరయ్యేకొద్దీ తప్పించుకోవాలనిపిస్తుందనీ రాశారు. చిన్నప్పటి పెంపకం వల్లేనా, ఈ వయసులో మారుతుందా అని అడిగారు. నాదీ ఇదే తీరు. పుట్టుకతో వచ్చే స్వభావం, తర్వాతి అనుభవాలూ కలుస్తాయి గానీ, నా విషయంలో వేరు చిన్నతనంలోనే ఉంది. మారుతుంది కూడా.

మా ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు. కాకపోతే నేను ఏడిస్తే అందరూ పక్కకు వెళ్లిపోయేవారు, ఊరుకున్నాక వచ్చి ముద్దుగా పలకరించేవారు. అమ్మానాన్నలను తప్పుపట్టను, వాళ్లనూ చిన్నప్పుడు ఓదార్చినవాళ్లు లేరు. బాధ దాచుకుంటేనే మనవాళ్లు దగ్గరుంటారని నాకు అర్థమైంది. ఆ వయసుకి అది తెలివైన పనే.

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త, ఏడాది వయసు పిల్లల్ని తల్లి కాసేపు వదిలి వెళ్లి తిరిగొస్తే ఏం చేస్తారో గమనించారు. కొందరు తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మలతోనే ఉండిపోయారు. అలాంటి పిల్లల గుండె వేగాన్ని తర్వాతి పరిశోధకులు కొలిస్తే, పైకి నిమ్మళంగా కనిపిస్తున్నా లోపల వేగంగానే కొట్టుకుంటోంది. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను రాతిగుండె మనిషిని కాదని అప్పుడు నమ్మకం కుదిరింది. మీరూ కారు.

మేరీ మెయిన్ అనే మరో మనస్తత్వవేత్త బృందం 1985లో పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగి చేసిన అధ్యయనం ఇంకా ధైర్యమిస్తుంది. బాల్యం ఎంత కష్టంగా గడిచిందన్నదాని కంటే, దాన్ని ఇప్పుడు దాచకుండా, అందులో కొట్టుకుపోకుండా ఎలా చెప్పగలుగుతున్నారన్నదే ముఖ్యమని తేలింది. కౌన్సెలింగ్‌లో నేను చేసింది ఎక్కువగా అదే. "మా ఇంట్లో అంతా బాగానే ఉండేది" అన్న మాట దాటి, నిజంగా ఏం జరిగేదో చెప్పడం.

అయితే తెలుసుకోవడంతోనే ఆగితే పెద్దగా మారదు. మాట ఆగిపోయిన క్షణంలో కొత్తగా ఏదైనా చేయాలి. నేను మా ఆయనతో, "ఇప్పుడు మాట రావడం లేదు, నిన్ను వదిలి పోవడం లేదు, అరగంటలో వస్తాను" అని చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినట్టే తిరిగి వెళ్లేదాన్ని. మొదట్లో గొంతు పట్టేసేది. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నా ఆయన లేచి వెళ్లిపోలేదు. అది మళ్లీమళ్లీ జరిగాకే ఒంట్లో భయం తగ్గింది. ఇప్పటికీ తప్పుకోవాలనిపిస్తుంది, కానీ దవడ బిగుసుకోగానే పసిగడతాను.

ఈ మాట మీ ఆవిడకు గొడవ లేని రోజున ముందే చెప్పి ఉంచండి. లేకపోతే అరగంట అడగడం కూడా ఆమెకు వదిలేసినట్టే అనిపిస్తుంది. ఇంట్లో దెబ్బలు, తీవ్రమైన భయం చూసి పెరిగినవారైతే మాత్రం ఒంటరిగా తవ్వుకోకండి, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టండి.