పుంజును అమ్మే ముందు గుడ్డు పగలగొట్టి చూడండి

మీరు ఇచ్చిన లెక్క ఇది: నాలుగేళ్ల అసిల్ జాతి డేగ రంగు పుంజు ఒకటి, పెట్టలు 14. ఏప్రిల్ చివర్లో పొదగవేసిన 22 గుడ్లకు పిల్లలు 6. పుంజు వీర్యంలో పస తగ్గిందా, కొత్తది కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఆ తొందరలో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను.

మాది రాజోలు వైపు. మూడేళ్ల క్రితం మే నెలలో మా ఇంట్లో గుడ్లు సగానికి సగం వట్టిపోయాయి. మా కాకి రంగు పుంజుకు వయసైపోయిందనుకుని పాలకొల్లులో ఉన్న మా బావగారికి అయినకాడికి ఇచ్చేసి, దానికి మూడింతల ధర పెట్టి నెమలి రంగు పుంజును తెచ్చాను. జులైలో గంపనిండా పిల్లలు. మీసం మెలేశాను. ఆగస్టులో బావగారు ఫోను చేసి, "నీ పనికిరాని పుంజు పన్నెండు గుడ్లకు పదకొండు పిల్లల్ని దింపింది, వచ్చి చూసుకో బావా" అన్నారు. దాన్ని నేను రేకుల కింద కట్టేసేవాణ్ణి. ఆయన కొబ్బరితోటలో వదిలారు. ఈలోగా వానలు కూడా పడ్డాయి. తేడా అక్కడుంది.

కోడిపుంజు వృషణాలు కడుపు లోపల, వెన్నుకు ఆనుకుని ఉంటాయి. ఒంటి వేడే సుమారు 41 డిగ్రీలు. కోడికి చెమట పట్టదు, వేడి దించుకోవడానికి రొప్పడమే దానికి ముఖ్యమైన దారి. మన డెల్టాలో మే నెల ఉక్కకు ఎంత రొప్పినా వేడి దిగదు. మేత తగ్గిస్తుంది, వీర్యం పలచబడుతుంది, పెట్టల వెంట పడే ఓపికా ఉండదు. వీర్యకణం తయారు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి, వాన పడిన మర్నాడే పుంజు బాగుపడిపోదు.

అసలు మీవి వట్టి గుడ్లో, లోపల పిల్ల చచ్చిన గుడ్లో ముందు తేల్చుకోండి. తాజా గుడ్లు ఐదారు పళ్లెంలో పగలగొట్టి పచ్చసొన మీది తెల్లమచ్చ చూడండి. పుంజు తొక్కని (పెట్టతో జతకట్టని) గుడ్డులో అది చిన్నగా, ముద్దగా, అంచులు చెదిరి ఉంటుంది. తొక్కిన గుడ్డులో మధ్య పలచగా, చుట్టూ తెల్లని వలయంతో చిన్న ముక్కుపుడకంత కనిపిస్తుంది. నాకు మొదటిరోజు రెండూ ఒకేలా కనిపించాయి, పదో గుడ్డుకు కన్ను కుదిరింది. పొదగవేసినవైతే ఏడో రోజు రాత్రి టార్చి మీద పెట్టండి. సాలెగూడులా నరాలు పాకితే పిల్ల ఉన్నట్టు. ఎర్రటి వలయం ఒక్కటే కనిపిస్తే పిల్ల మొదలై చచ్చింది, ఆ తప్పు చాలాసార్లు గుడ్డును దాచిన తీరులో ఉంటుంది. వేసవిలో వంటింటి అటక మీద పది రోజులుంచిన గుడ్డులో పిండం అరకొరగా కదిలి చచ్చిపోతుంది. చల్లని చోట ఉంచి, వారంలోపే పొదగవేయాలి.

ఇంకో పని కూడా చేయండి. ఏ గుడ్డు ఏ పెట్టదో పెన్సిలుతో రాసుకోండి. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు చాలు. నాలుగేళ్ల పుంజుకు 14 అంటే మరీ ఎక్కువ. పైగా పుంజుకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. వీపు మీద ఈకలు ఊడినవి దాని ముద్దుల పెట్టలు, నున్నగా నిగనిగలాడేవాటి జోలికి అది పోయి ఉండదు. మా ఇంట్లో వట్టి గుడ్లలో ఎక్కువ భాగం రెండు గయ్యాళి పెట్టలవేనని తర్వాత తెలిసింది.

వీర్యం స్వయంగా చూడాలంటే చూడవచ్చు. పశువైద్యశాలలో పనిచేసిన ఒక పెద్దాయన నాకు నేర్పారు. ఒకరు పుంజును పట్టుకోవాలి, మరొకరు వీపు నుంచి తోక దాకా నాలుగైదుసార్లు గట్టిగా నిమరాలి. తోక పైకి లేచినప్పుడు కింద రెండు పక్కలా వేళ్లతో మెల్లగా నొక్కితే చిన్న గాజు గిన్నెలో కొన్ని చుక్కలు పడతాయి. అంతా కలిపి 0.2 నుంచి 0.5 మిల్లీలీటర్లు. మీగడలా చిక్కగా, ముత్యంలా తెల్లగా ఉంటే మంచిది. అలాంటి వీర్యంలో మిల్లీలీటరుకు 300 కోట్లకు పైగా కణాలుంటాయి. కొబ్బరినీళ్లలా ఉంటే కణాలు తక్కువ. పసుపుపచ్చగా వస్తే రెట్టో మూత్రమో కలిసింది, అందుకు పుంజును అనకూడదు. సూక్ష్మదర్శినిలో మంచి చుక్క వరద గోదావరిలా సుడులు తిరుగుతుంది. అలవాటు లేని పుంజు మొదటి రెండు మూడు రోజులు ఏమీ ఇవ్వదు, బెదిరిపోకండి.

దుకాణంలో ఇచ్చిన విటమిన్-ఇ గొట్టాల గురించి: లోటు ఉంటే పనిచేస్తుంది, లోటు లేకపోతే డబ్బు దండగ. గుడ్ల కోళ్ల దాణా మాత్రం పుంజుకు పెట్టకండి, పెట్టల కోసం అందులో కలిపిన కాల్షియం దీని మూత్రపిండాలకు చేటు. చోళ్లు (రాగులు), గంట్లు (సజ్జలు) బూజు లేనివి పెట్టండి. పందేలకని ఎవరైనా దీనికి మగ హార్మోను సూదులు వేశారేమో కూడా కనుక్కోండి. బయటి నుంచి హార్మోను వస్తే వృషణాలు తమ పని మానేసి కుంచించుకుపోతాయి. చట్టం వద్దన్న ఆట కోసం వంశానికే ఎసరు పెట్టుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. కాళ్ల కింద పుండ్లు, ఒంటినిండా పేలు ఉన్నా పుంజు పెట్టను ఎక్కలేదు.

ఇవన్నీ చూసి, నీడకు మార్చి, ఏడెనిమిది పెట్టలతో నెల రోజులు ఆగి మళ్లీ గుడ్లు పగలగొట్టండి. అప్పటికీ తెల్లని వలయం కనిపించకపోతే పుంజును మార్చండి, నేనూ కాదనను. మార్చాక మొదటి మూడు వారాల గుడ్లు కూరకే వాడండి. పెట్ట కడుపులో పాత పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నిలవ ఉంటుంది. కొత్త పుంజు పిల్లలని మీరు పేరు పెట్టుకున్నవి పాతదాని పోలికలతో దిగవచ్చు.