తమ్ముడి కోసం ప్రణాళిక రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్న సంవత్సరీకాలు కాగానే అందరినీ కూర్చోబెట్టి, తమ్ముడు ఎక్కడ ఉండాలి, పగలంతా ఏం చేయాలి, అమ్మ తరువాత వాడికి ఎవరు అన్నవన్నీ కాగితం మీద పెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం పొడుగునా మేధో వైకల్యం ఉన్న పిల్లలతోనే గడిపిన నేను సైతం మన ఇంట్లో ఎత్తలేకపోయిన మాట నువ్వు ఎత్తావు. చాలా సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

యూడీఐడీ కార్డు, అదే వికలాంగుల గుర్తింపు కార్డు, గడువు చూసుకో. నిరామయ బీమా ఏటా పునరుద్ధరించు. లక్ష రూపాయల వరకు వైద్యానికి అక్కరకొస్తుంది. తమ్ముడిలా డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి థైరాయిడ్ ఇబ్బంది ఎక్కువ కాబట్టి ఏడాదికొకసారి పరీక్ష చేయించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నువ్వు చేయబోయే పద్ధతి, అంటే మనిషిని కేంద్రంగా పెట్టుకుని ప్రణాళిక రాయడం (పర్సన్ సెంటర్డ్ ప్లానింగ్), 1980ల ప్రాంతంలో అమెరికా, కెనడాల్లో రూపుదిద్దుకుంది. పెద్ద పెద్ద సంరక్షణాలయాల్లో ఏళ్ల తరబడి ఉంచిన మనుషులు బయటికి వచ్చి ఊళ్లలో బతకడం మొదలైన రోజులవి. వాళ్ల జీవితాన్ని సంస్థకు వీలైనట్టు కాక వాళ్లకు తగినట్టు ఎలా అమర్చాలని జాన్ ఓబ్రయన్ లాంటివారు ఆలోచించారు. మైకేల్ స్మల్ అనే ఆయన చూపిన దారి నాకు ఎక్కువ నచ్చుతుంది: ఆ మనిషి మనసుకు ఏవి ముఖ్యమో ఒక పక్క, అతని క్షేమానికి ఏవి ముఖ్యమో ఇంకో పక్క రాసుకుని, రెండూ కలిసి నడిచే రోజును వెతకడం. మన దగ్గర చదువుకున్నవాళ్లం రెండో పక్కతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. మొదటి పక్క నింపినా ఎంత చెడగొట్టగలమో నా ఉద్యోగం తొలినాళ్లలోనే చూశాను.

మా కేంద్రానికి పాతికేళ్ల అబ్బాయి ఒకడు వచ్చేవాడు. మాటలు రావు. సాయంత్రం నాలుగు కాగానే ఆయమ్మ చెయ్యి పట్టుకుని వీధి మలుపులోని టీ కొట్టుకు లాక్కెళ్లేవాడు. అక్కడ ఆటోవాళ్ల మధ్య నిలబడి, చిల్లర తన చేత్తో గల్లాపెట్టె మీద పెట్టి, గ్లాసులో టీని సాసరులోకి వంపుకుని, చప్పుడు చేస్తూ తాగేవాడు. వాడి పేరున సమావేశం పెట్టినప్పుడు సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, వాడి తండ్రి, మేమందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. వాడు పక్క గదిలో కవర్లు అంటిస్తున్నాడు, ఆయమ్మను పిలవాలని ఎవరికీ తోచలేదు. ఇష్టాల గడిలో 'టీ' అని రాశారు. తరువాతి వారం నుంచి ఆ గడి జీతాల పట్టీ అయింది. కవర్లు ఇన్ని అంటిస్తే ఫ్లాస్కులోంచి అరకప్పు టీ ఇస్తారు, లేకపోతే లేదు. బయటికి వెళ్లే పనే లేకపోయింది. వాడు రెండు మూడు రోజులు తాగాడు, తరువాత కప్పు తోసేశాడు, ఆ తరువాత కవర్లు చింపడం మొదలుపెట్టాడు. అప్పుడు ఫైలులో 'మొండితనం పెరిగింది' అని మరో వాక్యం చేరింది. చివరికి టీ కొట్టాయనే గేటు దగ్గరికి వచ్చి, "ఆ బాబుకి ఒంట్లో బాగాలేదా, ఈ మధ్య రావట్లేదు" అని అడిగాడు. మా ఫైలులో ఆ మనిషి ఊసే లేదు. అబ్బాయికి కావలసింది టీ ఒక్కటే కాదు. ఆ నడక, డబ్బు తానే ఇవ్వడం, వచ్చావా అని పలకరించే నలుగురు. సాయంత్రం నాలుగింటి నడక తిరిగి మొదలయ్యాకే వాడు కుదుటపడ్డాడు.

కాబట్టి తమ్ముడికి 'కొట్టు ఇష్టం' అని రాసి ఊరుకోకు. ఎరువుల కొట్టు షట్టరు మీ నాన్న ఎత్తగానే నిన్నటి తేదీ కాగితం చింపి జేబులో పెట్టుకునేది వాడు. రైతులకు కుర్చీ జరిపేది వాడు. కొట్టు ఇప్పుడు అద్దెకు పోయింది కదా, వాడి పొద్దుటి పూట ఏమైందో ముందు అది కనుక్కో. ఎదురుగా ఉన్న టైలరును సమావేశానికి పిలువు, మీ బాబాయి కన్నా ఎక్కువ చెప్పగలడు. తమ్ముడు లేకుండా ఒక్క వాక్యం కూడా రాయవద్దు. వాడు మధ్యలో లేచి వెళ్లిపోతే ఆపేసి, మరో రోజు కూర్చోండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ముందు గార్డియన్ కాగితాలు చేయించేస్తే పోతుందని మీ బాబాయి అన్నాడట, నువ్వు తలూపావట. ఎందుకు ఊపావు? ఇల్లు, కొట్టు రెండింటిలోనూ తమ్ముడికి వాటా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ కూడా అసలు ఈ మనిషికి సంరక్షకుడు కావాలా, కావాలంటే దేనికి అన్నది ముందు చూడాలి. నియమితుడైనవాడు ఆరు నెలల్లోపు ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు అప్పగించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లి, పరిమిత సంరక్షణ అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, వాడి ఇష్టాన్ని అనుసరించి ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయమేనని చెప్పింది. బ్యాంకు పనికో రిజిస్ట్రేషనుకో అవసరమైతే అప్పుడు అడుగుదాం. అంతవరకు వాడి చేత ఎక్కడా వేలిముద్ర వేయించనివ్వకు. ఇది సలహా కాదు, పెద్దమ్మ మాట.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. నీకూ ఒక కాపురం ఉంది. నెలలో ఏ రోజులు తమ్ముడి బాధ్యత నీది కాదో, ఆ రోజుల్లో ఎవరు ఉంటారో పేరుతో సహా అదే కాగితంలో రాయి. 'అందరం చూసుకుంటాం' అన్న వాక్యాన్ని ఒప్పుకోవద్దు. నా పేరున నెలకు ఒక వారం రాసుకో. తేదీ ఖాయం చేశాక చెప్పు, ముందురోజే శాతవాహనలో ఖమ్మం వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ