ఇజెన్ కొండ ఎక్కే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. బాలికి టికెట్లు తీసుకున్నారనీ, అందులో ఒక రోజు జావా వైపు దాటి కావా ఇజెన్ అగ్నిపర్వతం చూసొస్తారనీ మీ అమ్మ చెప్పింది. "అది పేలితే ఎలా బావగారూ" అని ఆవిడకి ఒకటే టెన్షన్. జావాలోని సురబయా మిల్లులో పనిచేసిన రోజుల్లో మనవాళ్లు ఎవరొచ్చినా ఆ కొండకి తీసుకెళ్లే డ్యూటీ నాదే కాబట్టి, తెలిసింది రాస్తున్నాను. ముఖ్యంగా ఒకటే చెప్పాలి. మీలో ఎవరు ఎంతవరకు వెళ్లాలో ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడికెళ్లాక, చీకట్లో, నలుగురూ ముందుకు పోతుంటే తేల్చుకోవడం ఎవరివల్లా కాదు.

వాళ్లు డే ట్రిప్ అని అమ్ముతారు గానీ అది రాత్రి ప్రయాణం. బాలిలోని కూటా నుంచి సాయంత్రమే బయల్దేరాలి. గిలిమానుక్ రేవు దాకా కారులో మూడు నాలుగు గంటలు, ఫెర్రీలో జలసంధి దాటితే జావా వైపు రేవు కెతపాంగ్, ఆపైన గంట పైచిలుకు ఘాట్ రోడ్డు. అర్ధరాత్రి దాటాక, కొండ నడక మొదలయ్యే పాల్తుడింగ్‌లో దింపి నడవమంటారు. నా మాట వింటే ముందురోజు మధ్యాహ్నానికే అవతలికి చేరి, బాన్యువాంగిలో గది తీసుకుని, ఏడింటికల్లా పడుకోండి. నిద్ర చాలని వాళ్లు ఎక్కేటప్పుడు బాగానే ఎక్కుతారు, దిగేటప్పుడే కాలు జారుతుంది. ఫెర్రీ కూడా పగలు ఎక్కినట్టవుతుంది. 2025 జులైలో ఆ జలసంధిలోనే రాత్రిపూట ఒక ఫెర్రీ మునిగిపోయింది. పడవ ఎక్కగానే కారులోంచి దిగి పైకి రండి, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసుకోండి. జావా గడియారం బాలి కంటే గంట వెనక. డ్రైవర్ చెప్పే టైము ఏ ఊరిదో అడిగి మరీ రాసుకో.

మీ అమ్మ భయం గురించి కూడా చెప్పాలి కదా. ఇండోనేషియా ప్రభుత్వం అగ్నిపర్వతాలకి నాలుగు హెచ్చరిక స్థాయిలు పెట్టింది, కింది నుంచి పైకి: నార్మల్, వాస్పదా, సియాగా, అవాస్. మాగ్మా ఇండోనేషియా సైట్లో ఏ కొండ ఏ స్థాయిలో ఉందో కనిపిస్తుంది. "రెండోదేగా, ఏం పర్లేదు" అనేవాళ్లు దొరుకుతారు, నమ్మకు. 2023 డిసెంబరులో సుమత్రాలో మరాపి పేలినప్పుడు అది రెండో స్థాయిలోనే ఉంది. బిలానికి (కొండ నోటికి) 3 కిలోమీటర్ల లోపలికి పోవద్దని ముందే చెప్పారు. అయినా కొండ మీద జనం ఉన్నారు, 24 మంది పోయారు. కాబట్టి స్థాయి ఒక్కటే కాదు, ఎంత దూరం దాకా వద్దన్నారో కూడా చదువు. కొండ మూసేశారంటే మూసేసినట్టే. అప్పుడు "వేరే దారి ఉంది" అనే గైడుకి దణ్ణం పెట్టి వచ్చెయ్.

ఇజెన్‌లో రోజూ ఉండే ప్రమాదం మాత్రం గంధకపు పొగ. దీపావళి రాత్రి మన వీధిలో ముక్కుకి తగిలే ఘాటు ఉంటుందే, దాన్ని పదింతలు చేసి ఊహించుకో. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు. 2018 మార్చిలో ఒక రాత్రి వాయువులు ఎగదన్ని కింది ఊళ్లవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. కరోనా నాటి గుడ్డ మాస్కులు, ఎన్95లు ధూళిని ఆపుతాయి గానీ ఈ పొగని ఆపవు. రెండు పక్కలా ఫిల్టర్ డబ్బాలున్న రబ్బరు మాస్కు కావాలి. అక్కడ అద్దెకిస్తారు. పెట్టుకున్నాక రెండు డబ్బాల్నీ అరచేతులతో మూసి గట్టిగా గాలి పీల్చు. మాస్కు మొహానికి అతుక్కుంటే మంచిది, పక్కనుంచి గాలి దూరితే ఇంకోటి అడుగు. అన్నట్టు, అల్లుడుగారి గడ్డం! గడ్డం మీద ఆ రబ్బరు అతకదు. ఫొటోల్లో ఎంత బాగున్నా సరే, ఈ ఒక్కసారికి గీయించుకోమను. నువ్వు కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకో. పొగ మీదికి తిరిగితే వచ్చిన దారినే పరిగెత్తకండి, గాలి వీచే దిక్కుకి అడ్డంగా పక్కకి నడవండి. పల్లంలోకి మాత్రం దిగొద్దు, ఆ వాయువులు బరువు, పల్లంలోనే పేరుకుంటాయి.

మీ మామయ్యగారికి ఆయాసం ఉంది కదా. ఆయన ఈ కొండకి రాకూడదు. ఈ మధ్య ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతున్నారు గానీ, ఆ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన ఆయన ఊపిరితిత్తులు పొగని తట్టుకోవు. మనుషులు లాక్కెళ్లే తోపుడుబండ్లు కూడా ఉన్నాయి (వాటిని లాంబోర్గిని అని పిలుస్తారు, అల్లుడుగారు సరదా పడతారు). బండి ఎక్కితే నడక తప్పుతుంది, పొగ తప్పదు. నానిగాడిదీ అదే లెక్క, వాడి మొహానికి ఆ మాస్కులు సరిపోవు. తాతనీ మనవణ్ణీ మీ అత్తయ్యగారితో బాలిలోనే కింతామణికి పంపు. కారు దిగి నాలుగడుగులేస్తే బాతూర్ అగ్నిపర్వతం, దాని చెరువు ఎదురుగా కనబడతాయి. 1926లో లావా ఊరిని ముంచేస్తే ఊరివాళ్లు గుడిని పైకి తెచ్చి మళ్లీ కట్టుకున్నారు. ఆ గుడి చూపిస్తే మీ మామయ్యగారు ఇజెన్ మాటే ఎత్తరు.

ఇక మీ ఇద్దరి సంగతి. పాల్తుడింగ్ నుంచి పై అంచుకి 3 కిలోమీటర్లు, మొదటి రెండూ నిటారు. చలి బాగా ఉంటుంది, ఉష్ణదేశమే కదా అని చొక్కాతో వెళితే వణికిపోతారు. నీలి మంట కోసమే అందరూ చీకట్లో ఎక్కుతారు. అది లావా కాదు, పగుళ్లలోంచి వేడిగా వచ్చే గంధక వాయువులు గాలి తగిలి మండటం. అది చూడాలంటే బిలంలోకి రాళ్ల మీదుగా దిగాలి. సందర్శకులు దిగకూడదని పైన బోర్డే ఉంటుంది, దాని పక్కనుంచే జనం దిగిపోతుంటారు. మీరు దిగకండి. అంచు మీదే ఉండి తెల్లవారేదాకా ఆగండి. కిలోమీటరు వెడల్పు చెరువు పాలు కలిపిన నీలంలో బయటపడుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ యాసిడ్ లాంటివే. నన్నడిగితే మంట కంటే అదే బాగుంటుంది. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయొద్దు. 2024 ఏప్రిల్‌లో ఒకావిడ అలాగే పడి చనిపోయింది.

దారిలో గంధకం మోసేవాళ్లు ఎదురవుతారు. వెదురు బద్దకి రెండు బుట్టలు, 70 నుంచి 90 కిలోల పసుపుపచ్చ రాళ్లు భుజాన. వాళ్లకి దారి ఇవ్వండి, కొండవైపు ఒదిగి నిలబడండి, లోయవైపు కాదు. అడక్కుండా మొహం మీద కెమెరా పెట్టొద్దు. గంధకంతో పోతపోసిన చిన్న బొమ్మలు అమ్ముతారు. డబ్బులిచ్చి బొమ్మ వాళ్లకే వదిలెయ్, విమానంలో గంధకం రానివ్వరు.

వెండి పట్టీలు, మెట్టెలు ఆ గాలికి నల్లబడతాయి, గదిలో తీసిపెట్టు. ఆ రోజు బట్టలు వేరే కవర్లో మూటగట్టు, లేకపోతే పెట్టె మొత్తం కంపు కొడుతుంది. తినడానికి మీ అత్తయ్యగారి పులిహోర పట్టుకెళ్లండి. పాల్తుడింగ్ కొట్లలో నూడుల్స్, కాఫీ దొరుకుతాయి, అంతే.

మీ మామయ్యగారికి రావొద్దని నువ్వు చెప్పలేకపోతే ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. ఆయన వాడే ఇన్హేలర్ పేరు మెసేజ్ పెట్టు, కింతామణికైనా అది జేబులో ఉండాలి.

మీ పెదనాన్న