వెనక టైర్ల గురించి అమ్మడికి పెద్ద మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మీ పెద్ద మామయ్య దీవించి వ్రాయు ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమ సమాచారం తెలుపగలవు.

నువ్వు సొంత సంపాదనతో పోర్షే 718 కేమన్ కారు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు కాసేపు నాకు మాట పెగలలేదు. ఎవరో వాడి అమ్మినదైతేనేం, మన ఇంటి ఆడపిల్ల తన కష్టార్జితంతో అలాంటి కారు కొని తానే నడుపుతోందంటే, రావులపాలెంలో ముప్పై ఏళ్లు టైర్ల దుకాణం నడిపిన ఈ మామయ్యకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ వెంటనే మీ అమ్మ చెప్పిన మరో మాట నాకు రాత్రంతా నిద్ర లేకుండా చేసింది. గుంతలో పడి ముందు టైరు ఒకటి సైడ్‌వాల్, అంటే పక్క గోడ, ఉబ్బిందట. ముందు రెండింటికీ కొత్తగా ట్రాక్ మీద వాడే సెమీ స్లిక్ టైర్లు వేయించి, వెనకవాటి గాడుల లోతు ఇంకా 3 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి సంక్రాంతి దాకా లాగించి, ఈలోగా శ్రావణంలో మా చిన్నవాడి పెళ్లికి ఆ కారులోనే వస్తావట. అందుకే ఈ ఉత్తరం.

సైజు సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. ఆ కారుకు 18 అంగుళాల రిమ్ముల మీద ముందు 235/45, వెనక 265/45 టైర్లు వస్తాయి. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. అదే సైజు వేయించు. స్పీడు గుర్తు వై ఉండాలి, అంటే గంటకు 300 కిలోమీటర్ల వరకు తట్టుకునే టైరన్నమాట. నువ్వు అంత వేగం పోనక్కరలేదు, పోకూడదు కూడా, కానీ కారు తయారైనప్పుడు లెక్కగట్టిన గుర్తు కంటే తగ్గించి వేయించకు. సైడ్‌వాల్ మీద ఎన్0, ఎన్1 వంటి గుర్తు ఉంటే అది పోర్షేవారు పరీక్షించి ఒప్పుకున్న టైరని అర్థం. మిషెలిన్, పిరెల్లీ, కాంటినెంటల్, ఏదైనా సరే, నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఆ గుర్తు ఉన్నవి చూసుకో.

ఇక సెమీ స్లిక్ సంగతి. అవి చెడ్డ టైర్లని నేను అనను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద, ఎండిన తారు మీద, రెండు మూడు చుట్లు తిరిగి రబ్బరు వేడెక్కాక అవి పట్టినట్టు మామూలు రోడ్డు టైరేదీ పట్టదు. వాటికి గాడులు తక్కువ, లోతు తక్కువ. అరుగుదలకు ఇచ్చే అంకె, అది తక్కువైతే టైరు త్వరగా అరుగుతుందని అర్థం, వాటి మీద 180, 200 ఉంటుంది. రోడ్డు కోసం చేసిన స్పోర్ట్ టైర్ల మీద 300 దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె కంపెనీలు తమకు తాము వేసుకునేది కాబట్టి ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చకు, ఒకే కంపెనీ రకాల మధ్య తేడా తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. అయితే అమ్మడూ, నువ్వు వచ్చేది ట్రాక్ మీదికి కాదు. శ్రావణంలో మన రోడ్లు ఎలా ఉంటాయో చిన్నప్పుడు చూసినదానివే. దమ్ము చేసిన ట్రాక్టర్లు చేల నుంచి రోడ్డెక్కితే చక్రాల బురద ఫర్లాంగు దూరం పరుచుకుంటుంది. చేపల లారీలు దారి పొడుగునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ నీటిని, ఆ జిగురును గాడుల్లోంచి పక్కకు నెట్టే టైరు కావాలి. వెడల్పు టైరు మరీ ఎక్కువ నీటిని నెట్టాలి. నెట్టలేకపోతే నీటి పొర మీద తేలిపోతుంది, అప్పుడు స్టీరింగు తిప్పినా బ్రేకు తొక్కినా ఒకటే. ఐరోపా లేబుల్ ఉన్న టైరైతే దాని మీద వర్షపు పట్టుకు ఎ నుంచి ఇ వరకు గ్రేడు వేసి ఉంటుంది. ఎ గ్రేడు దొరికితే మరో ఆలోచన చేయకుండా తీసుకో. ట్రాక్ సరదా నిజంగా ఉంటే దానికి వేరే సెట్టు, వేరే రిమ్ములు పెట్టుకో, నేను వద్దనను.

ఇప్పుడు అసలు మాట. కొత్త టైర్లు ముందు, పాతవి వెనక అన్నావు చూడు, ఆ తప్పు నేను చేశాను.

అది 1993 శ్రావణం. పాలకొల్లులో మీ అమ్మకు సీమంతం చేశారు. ఏడో నెల. పురిటికి ఇంటికి తీసుకురావడానికి నేను మన అంబాసిడర్‌లో వెళ్లాను. అంతకు నాలుగు రోజుల ముందే దానికి టైర్లు మార్చాను. రేడియల్ టైర్లు మన వైపు అప్పుడప్పుడే అలవాటవుతున్నాయి, ధర ఎక్కువ. నా దగ్గర ఆ సైజువి రెండే ఉన్నాయి. స్టీరింగు తిరిగేది ముందే కదా, బ్రేకు బరువు పడేదీ ముందే కదా అని ఆ రెండింటినీ ముందు వేసి, వెనక పాత నైలాన్ టైర్లే ఉంచేశాను. నైలాన్ టైర్లంటే దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయే పాతకాలపు కట్టుబడి. మలుపులో దాని పక్క గోడ వంగితే రోడ్డుకు ఆనే రబ్బరు కూడా దానితో పాటు వంకర పోతుంది. రేడియల్ అలా కాదు, పక్క గోడ వంగినా కింది పట్టీ నేలకు పరుచుకునే ఉంటుంది. అంటే నా కారు ముక్కుకు పట్టు ఎక్కువ, తోకకు పట్టు తక్కువ. ఇదంతా ఆ రోజుకే తెలిసి ఉండవలసినవాణ్ణి, టైర్లు అమ్ముకుని బతికేవాణ్ణి.

మార్టేరు వైపు వస్తున్నాం. సన్నగా జల్లు పడుతోంది. పక్కన కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. వేగం యాభై కూడా లేదు. ఒక మలుపులో స్టీరింగు తిప్పగానే ముందు చక్రాలు చెప్పినట్టు విన్నాయి, వెనక భాగం మాత్రం వినలేదు. మెల్లగా, ఎవరో చేత్తో నెట్టినట్టుగా, కాలువ వైపు జరగడం మొదలుపెట్టింది. నేను భయపడి బ్రేకు తొక్కాను. అది రెండో తప్పు. బరువంతా ముందుకు తూగి వెనక చక్రాలు ఇంకా తేలికైపోయాయి, కారు అడ్డం తిరిగింది. గట్టు మీద నిద్రగన్నేరు చెట్టు మొదలుకు వెనక తలుపు తగిలి ఆగింది. మీ అమ్మ ఒడిలోని స్టీలు డబ్బా మూత ఊడి సున్నుండలు సీటు కిందికి దొర్లిపోయాయి. ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మీ అమ్మ కదలకుండా, గొంతు పెంచకుండా, "అన్నయ్యా, నీళ్ల చప్పుడు మరీ దగ్గరగా వినబడుతోంది" అంది. దిగి చూస్తే వెనక చక్రం ఒకటి గట్టు అంచు దాటి గాలిలో ఉంది.

మీ అమ్మను ఇల్లు చేర్చి, ఆ సాయంత్రమే దుకాణం తెరిచి టైర్లు విప్పాను. పాత నైలాన్ టైరు గాడుల్లో బురద గట్టిగా కూరుకుపోయి, అరచేత్తో తడిమితే అరటి డొప్పలా నున్నగా తగిలింది. పక్కనే కొత్త రేడియల్ గాడులు శుభ్రంగా ఉన్నాయి. వాటి ఎదురుగా నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఇంట్లో వాళ్లకు మాత్రం గేదె అడ్డం వచ్చిందని చెప్పాను. గేదె లేదు, అమ్మడూ. ఈ మాట మీ అమ్మకు ఇన్నేళ్లుగా చెప్పలేదు. నువ్వు చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

ఆ తరువాత నా దుకాణంలో రెండే టైర్లు కొన్న ప్రతివారికీ కొత్తవి వెనకే వేశాను. ముందే వేయమని గొడవ పడ్డవాళ్లు ఉన్నారు, బేరం మానుకుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ముందు పట్టు పోతే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే చాలావరకు మళ్లీ దారికి వస్తుంది. వెనక పట్టు పోతే ఆ కారును సర్దడం చేయి తిరిగిన డ్రైవరుకు కూడా కష్టమే. నీ కారుకు ఇంజను సీట్ల వెనక ఉంది, తోసేవి వెనక చక్రాలే, పైగా ముందు వెనక సైజులు వేరు కాబట్టి మార్చి వేయడానికీ లేదు. కారు జారకుండా కాసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉందని అంటావేమో. అది ఉన్న పట్టును పంచగలదు గానీ లేని పట్టును పుట్టించలేదు. టైరు ఇక మార్చాలని చెప్పే అరుగుదల గుర్తు గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల లోతు దగ్గర ఉంటుంది కాబట్టి 3 మిల్లీమీటర్లు చట్టానికి సరిపోతాయి, శ్రావణపు వానకు సరిపోవు. అందుచేత నాలుగూ ఒకేసారి మార్చు. డబ్బు ఇబ్బందైతే మొహమాటపడకుండా నాకు చెప్పు, పెళ్లి ఖర్చులున్నాయని వెనకాడకు.

ఇరవై అంగుళాల రిమ్ముల మాట కూడా మీ అమ్మ చెప్పింది. వద్దు తల్లీ. 235/45లో సైడ్‌వాల్ సుమారు 106 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇరవై అంగుళాలకు వెళ్తే 235/35 వేయాలి, అది 82కు పడిపోతుంది. ఉన్న రబ్బరుతోనే గుంతలో ఉబ్బు తెచ్చుకున్నావు. పైగా నీ కారుకు స్టెప్నీ లేదు, పంక్చరుకు పోసే మందు, గాలి కొట్టే చిన్న పంపు మాత్రమే ఇస్తారు. సైడ్‌వాల్ చీలితే ఆ మందు పనిచేయదు, ఆ సైజు టైరు మన ఊళ్లో అప్పటికప్పుడు దొరకదు. రాత్రిపూట కాలువ గట్టు మీద నువ్వు ఒంటరిగా నిలబడి ఉండటం నేను ఊహించుకోలేను.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడు. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. ఇలాంటి సైజులు గోదాముల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, రబ్బరు బిరుసెక్కుతుంది, పైకి కొత్తగానే మెరుస్తుంది. రెండేళ్లు దాటినవి ఇస్తే తిరగ్గొట్టు. ఔట్‌సైడ్ అని రాసిన వైపు బయటికే వచ్చిందో లేదో బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూసుకో. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించు. గాలి మాన్యువల్‌లో చెప్పినంత, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించు. నైట్రోజన్ కోసం వెతుక్కోనక్కరలేదు, మామూలు గాలిలో 78 శాతం అదే. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు, కొత్త రబ్బరు పైపొర పోయేదాకా పట్టు పూర్తిగా రాదు. ప్రయాణానికి ముందు రోజు కాకుండా రెండు వారాల ముందే వేయించమనేది అందుకే.

వేయించాక నాలుగు టైర్ల తేదీ అంకెలు కనబడేలా ఫొటోలు తీసి నాకు పంపు. విజయవాడ దాటాక హైవే వదలకుండా ఏలూరు, తణుకు మీదుగా సిద్ధాంతం వంతెన దాటి రా, వెలుతురు ఉండగానే రావులపాలెం చేరేలా బయలుదేరు. పాలకొల్లులో అమ్మను ఎక్కించుకుని వద్దామనుకోకు, ఆమెను నేనే ముందు రోజు తీసుకువస్తాను. వంతెన దిగాక ఆగి ఫోను చెయ్యి. అక్కడి నుంచి మన ఊరి కాలువ గట్టు దాకా నా కారు ముందు వెళ్తుంది, నువ్వు వెనకాలే నిదానంగా రా. మీ అత్తయ్య నీ కోసం సున్నుండలు చేయిస్తోంది.

ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య